డిచ్‌పల్లి ఆసుపత్రి, మన గుడిలో చివరి వరుస



నిజామాబాద్ నుండి హైదరాబాద్ పోయేటప్పుడు డిచ్‌పల్లి దాటని వారు మనలో ఎవరున్నారు? కానీ ఆ ఊళ్లో నూరేళ్లు దాటిన విక్టోరియా ఆసుపత్రి ఎందుకు పుట్టిందో మన పిల్లలను అడగండి, చాలామంది చెప్పలేరు. ఈ వారం ఆ సంగతి రాస్తున్నాను. చివర్లో నా తప్పు ఒకటి కూడా ఒప్పుకోవాలి.

ఇసబెల్ కెర్ స్కాట్లండ్‌లో 1875లో పుట్టారు. 1903లో అబర్డీన్‌లో వైద్యవిద్య పూర్తిచేసి, 1907లో భర్త జార్జ్ కెర్‌తో కలిసి వెస్లియన్ మెథడిస్టు మిషన్ తరఫున నిజాం రాజ్యానికి వచ్చారు. నిజామాబాద్‌లో పనిచేస్తుండగా ఆమె కళ్లబడింది కుష్ఠరోగుల గతి. ఊరు వెళ్లగొట్టినవారు, ఇంటివారే అన్నం దూరంగా పెట్టి పోయేవారు, వారికి వైద్యం చేసే చోటంటూ లేదు. 1911లో చిన్నగా ఒక కేంద్రం మొదలుపెట్టారు. వచ్చేవారికి ఆ చోటు చాలలేదు.

అప్పుడు ముందుకు వచ్చినవారు రాజా నర్సాగౌడ్. ఆయన హిందువు, మన జిల్లా దాత. ఆయన ఇచ్చిన సొమ్ముతో 1915లో డిచ్‌పల్లిలో కొత్త ఆసుపత్రి తెరుచుకుంది. ప్రియులారా, ఇది మరువకండి. మనం 'మిషన్ ఆసుపత్రి' అని గర్వంగా చెప్పుకునే ఆ గోడల్లో పొరుగువాడి ప్రేమ కూడా ఉంది. మంచి సమరయుని కథలో సహాయం మనం ఎదురుచూడని మనిషి నుండే కదా వచ్చింది!

ఆ కాలంలో బ్రిటిష్ ఇండియాలో 1898 నాటి చట్టం ఒకటి ఉండేది. బిచ్చమెత్తుకునే కుష్ఠరోగులను పట్టుకొని ఆశ్రమాల్లో ఉంచడానికి అది వీలిచ్చేది. ఊరికి రోగి కనబడకుండా చేయడమే అందులోని ఆలోచన. డిచ్‌పల్లిలో మాత్రం రోగికి మందు ఇవ్వాలనుకున్నారు. అప్పటికి ఉన్నది చాల్‌మోగ్రా జాతి గింజల నూనె ఒక్కటే. దాన్ని సూదితో ఎక్కిస్తే బాగా నొప్పి, పైగా నెలల తరబడి తీసుకోవాలి. అయినా రోగులు వచ్చారు. 1923లో కెర్ దంపతులకు కైసర్-ఇ-హింద్ పతకం వచ్చింది. 1932లో ఆమె డిచ్‌పల్లిలోనే ప్రభువునందు నిద్రించారు.

తర్వాత మంచి మందులు వచ్చాయి. 1980ల నుండి ఇస్తున్న బహుళ ఔషధ చికిత్సతో ఆరు నెలల్లో, లేదా ఏడాదిలో రోగం నయమవుతోంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం కూడా. మందు మొదలైన కొద్దికాలానికే అంటడం ఆగిపోతుంది. కానీ నరాలు ముందే దెబ్బతింటే, రోగం పోయినా మొద్దుబారిన చేయి మొద్దుబారినట్టే ఉంటుంది. బోధన్ వైపు చెరకు కొట్టే చేతికి స్పర్శ లేకపోతే, కొడవలి తెగిందని నెత్తురు చూశాకే తెలుస్తుంది. అందుకే 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో కుష్ఠు నయమైనవారు కూడా ఉన్నారు.

ఇప్పుడు నా తప్పు.

మన గుడిలో ఒక పెద్దాయన ఏళ్లుగా చివర్లో, చెప్పుల దగ్గర కూర్చుంటాడు. ఎప్పుడో నయమైనవాడు. ప్రభు సంస్కారంలో చివరి కప్పు ఆయనకిచ్చేవాణ్ణి. ఆయనకదే ఇష్టమనుకున్నాను. మొన్న ఒక సాయంత్రం "తాతా, ముందుకు రారాదా?" అన్నాను. ఆయన నవ్వి, "అయ్యగారూ, నేను ముందల తాగితే నా ఎనుక ఎవరన్న తాగుతరా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. గలిలయలో ప్రభువు కుష్ఠరోగిని ముందు ముట్టుకున్నాడు, తర్వాతే అతడు శుద్ధుడయ్యాడు. నేనేమో శుద్ధుడైనవాణ్ణి కూడా దూరంగా ఉంచాను.

పక్షవాతం వచ్చినవాణ్ణి నలుగురు మోసి, ఇంటికప్పు విప్పి దించారు. మన ఊళ్లలో ఆ నలుగురు ఎవరు? సదరం శిబిరానికి బస్సెక్కించి తీసుకుపోయేవారు కావాలి. వేలిముద్ర పడక పింఛను ఆగినవారి తరఫున ఆఫీసులో నిలబడి మాట్లాడేవారు కావాలి. మాట రాని బిడ్డను ఇంట్లోనే ఉంచుకున్న తల్లి పక్కన ఆదివారం కూర్చునేవారు కావాలి. గుడి మెట్ల పక్కన ఒక వాలుబాట కట్టడానికి సిమెంటు బస్తాలు ఎన్నో పట్టవు.

వచ్చే సంస్కార ఆదివారం మొదటి కప్పు ఆ పెద్దాయనకు ఇస్తాను. రెండోది నేను తీసుకుంటాను. మూడోది ఎవరు తీసుకుంటారో మీరే ప్రార్థనతో నిర్ణయించుకోండి.

ప్రభువా, మా చేతుల మొద్దుబారినతనాన్ని కూడా బాగుచేయుము. ఆమేన్.