గృహహింస బాధితులకు ఆశ్రయం: నిధుల తీరు ఇదీ

భర్త, అత్తమామల వేధింపులు భరించలేక రాత్రివేళ పిల్లలతో ఇల్లు విడిచిన మహిళకు పుట్టిల్లు ఆదుకోకుంటే ఆశ్రయ గృహమే దిక్కు. అది నడవాలంటే కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు రెండూ నిధులు ఇవ్వాలి. ఏ ఒక్కటి జాప్యం చేసినా ఆ భారం బాధితురాలిపైనే పడుతుంది.

చట్టం ఏమంటోంది?

గృహహింస నుంచి మహిళల రక్షణ చట్టం-2005 2006 అక్టోబరు 26న అమల్లోకి వచ్చింది. సెక్షన్ 6 ప్రకారం బాధితురాలు గానీ, ఆమె తరఫున రక్షణాధికారి గానీ కోరితే ఆశ్రయ గృహ నిర్వాహకులు వసతి కల్పించాలి. ముందుగా గృహహింస నివేదిక నమోదు కాలేదన్న కారణంతో నిరాకరించరాదు. ఆమె కోరితే వివరాలు గోప్యంగా ఉంచాలి. ఆశ్రయ గృహంలో చేరినంత మాత్రాన భర్త ఇంట నివసించే హక్కును ఆమె కోల్పోదు. సెక్షన్ 17 ఆ హక్కుకు రక్షణ కల్పిస్తోంది.

నిధులు ఎక్కడివి?

గతంలో స్వధార్, స్వల్పకాలిక వసతి గృహాల పథకాలు వేర్వేరుగా ఉండేవి. వాటిని విలీనం చేసి స్వధార్ గృహ్ పథకాన్ని తెచ్చారు. 30 మందికి వసతి కల్పించే గృహాన్ని ఒక యూనిట్‌గా పరిగణించారు. 2022లో ఇది ఉజ్వల పథకంతో కలిసి మిషన్ శక్తిలో భాగంగా ‘శక్తి సదన్’గా మారింది. దీనికి ప్రతి రూ.100లో కేంద్రం రూ.60, రాష్ట్రం రూ.40 భరించాలి. ఈశాన్య, హిమాలయ రాష్ట్రాల్లో ఇది 90:10 నిష్పత్తిలో ఉంటుంది. 2015 ఏప్రిల్ 1న మొదలైన వన్‌స్టాప్ కేంద్రాల (సఖి) వ్యయం పూర్తిగా కేంద్రానిదే. అక్కడ వైద్యం, పోలీసు, న్యాయ సాయంతోపాటు అయిదు రోజుల వరకు తాత్కాలిక వసతి లభిస్తుంది. ఆపై ఎక్కువ కాలం ఉండాల్సిన వారిని ఆశ్రయ గృహానికి పంపాలి.

జాప్యం ఎందుకు?

గ్రాంటు విడతలవారీగా వస్తుంది. ఇచ్చిన సొమ్ముకు వినియోగ ధ్రువపత్రం సమర్పిస్తేనే తదుపరి విడత విడుదలవుతుంది. రాష్ట్ర వాటా బడ్జెట్‌లో చూపినా ఖజానా నుంచి సకాలంలో రాకుంటే భవనం అద్దె, సరుకులు, సిబ్బంది వేతనాలు బకాయి పడతాయి. స్వచ్ఛంద సంస్థలు నడిపే గృహాలకు ఈ ఇబ్బంది మరీ ఎక్కువ.

సుప్రీంకోర్టు ఆదేశం

రక్షణాధికారులను గుర్తించి నియమించాలని, అవసరమైనచోట ఆశ్రయ గృహాలు అందుబాటులో ఉంచాలని 2025 మే 20న సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది.

బాధితులు చేయాల్సింది

181 మహిళా హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయవచ్చు. అత్యవసరమైతే 112ను ఆశ్రయించాలి. జిల్లా మహిళా, శిశు సంక్షేమ శాఖ కార్యాలయంలో రక్షణాధికారి వివరాలు తెలుసుకోవచ్చు. ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ మహిళలకు ఉచితంగా న్యాయవాదిని సమకూరుస్తుంది. మేజిస్ట్రేటుకు దరఖాస్తు చేస్తే సాధారణంగా మూడు రోజుల్లోగా తొలి విచారణ జరగాలి.