వజ్రపు గనికి వెల కట్టుట ఎట్లు?

తెలుగునేలకు వజ్రముల కథ కొత్తది కాదు. కృష్ణాతీరమున కొల్లూరు గనులలో వేలాదిమంది పనిచేయుటను 17వ శతాబ్దపు ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే వర్ణించెను. ఆ పనివారు నేలలోని గులకను కడిగి వజ్రములను ఏరుకొనిరే గాని, అవి ఏ రాతినుండి ఊడివచ్చినవో వారికి తెలియదు. ఆ తల్లిరాయి 1870 ప్రాంతమున దక్షిణాఫ్రికాలోని కింబర్లీలో బయటపడినది. ఊరి పేరునుబట్టి దానిని కింబర్లైటు అనిరి. మన అనంతపురం జిల్లాలోని వజ్రకరూరు చుట్టుపట్లకూడ ఈ శిల కలదు.

కింబర్లైటు కనబడినంత మాత్రమున గని దొరికినట్లు కాదు. ప్రపంచములో వేలకొలది కింబర్లైట్లు కలవు. వానిలో త్రవ్వి లాభము తీయదగినవి నూటికి ఒకటి రెండు మాత్రమే. అట్లయిన, ఇంకను గని లేని ఒక చిన్న గనుల కంపెనీ వాటాను కొనువాడు నిజముగా దేనిని కొనుచున్నాడు? బజారు దానికి కట్టిన వెల తక్కువా, ఎక్కువా అని ఎట్లు తెలియును? ఈ ప్రశ్నలకు కెనడా దేశపు డయా మెట్ మినరల్స్ అను కంపెనీ చరిత్రలో కొంత సమాధానము దొరకును.

ఎర్రరేణువుల సాక్ష్యము

వజ్రము సుమారు 150 కిలోమీటర్లకు మించిన లోతున, గొప్ప ఒత్తిడిలో ఏర్పడును. కింబర్లైటు శిలాద్రవము ఆ లోతునుండి వేగముగా పైకి ఎగదన్నుచు, దారిలోని రాళ్లను తనతో తెచ్చును. చల్లారిన పిదప అది పైన వెడల్పుగను, క్రిందికి పోనుపోను సన్నముగను ఉండు పైపువలె మిగులును. అందులో వజ్రములు బహు అరుదు. కాని వానితోపాటు వచ్చిన గార్నెట్, ఇల్మెనైట్ మొదలగు ఖనిజముల రేణువులు చాల హెచ్చు. కావున వెదకువారు ముందు ఈ రేణువులను వెదకుదురు. 1954లో సోవియట్ భూగర్భ శాస్త్రజ్ఞురాలు లారిసా పొపుగాయెవా ఎర్రని పైరోపు గార్నెట్ల జాడ పట్టుకొని సైబీరియాలో ఒక కింబర్లైటు పైపును కనుగొనెను.

గార్నెట్లన్నియు ఒక్క తీరున ఉండవు. కేప్‌టౌన్ విశ్వవిద్యాలయమునకు చెందిన జాన్ గర్నీ వాని రసాయన సంఘటనమును పరిశీలించెను. క్రోమియము హెచ్చుగను, కాల్షియము తక్కువగను ఉన్న ఒక రకపు గార్నెట్లకు వజ్రములతో దగ్గరి సంబంధము కలదని ఆయన చూపెను. అనగా వజ్రము కంటబడక ముందే, ఒక పైపు తరచి చూడదగినదా కాదా అని రేణువునుబట్టి ఊహింపవచ్చును. ఈ పరిశోధనకు ధనమిచ్చినది సుపీరియర్ ఆయిల్ అను అమెరికా చమురు కంపెనీ. ఆ కంపెనీలో పనిచేసిన హ్యూగో డమ్మెట్ ఈ విషయమును బాగుగా ఎరుగును.

మంచు నడచిన దారి

కెనడాలో ఆ కంపెనీ తరఫున వెదకిన భూగర్భ శాస్త్రజ్ఞులు చార్లెస్ ఫిప్కీ, స్టూవర్ట్ బ్లుసన్. 1980 తరువాత కొలదికాలమునకే సుపీరియర్ వారు ఈ ప్రయత్నమును విరమించుకొనిరి. వీరిద్దరు మాత్రము విడువలేదు. పూర్వము ఆ దేశపు ఉత్తర భాగమును మహా హిమానీనదములు కప్పియుండెను. అవి పైపుల తలలను గీకి, రేణువులను పడమటికి వందల కిలోమీటర్లు ఈడ్చుకొనిపోయినవి. కావున రేణువులు దొరకిన చోట త్రవ్వినను లాభము లేదు. అవి వచ్చిన దారినే తూర్పునకు మరలి పోవలెను. మంచుక్రింద పారిన ఏరులు విడిచిపోయిన ఇసుక కట్టలలో మచ్చులు తీయుచు, వారు ఎల్లోనైఫ్ పట్టణమునకు సుమారు 300 కిలోమీటర్ల దూరమున లాక్ డి గ్రా అను సరస్సు ప్రాంతమునకు చేరిరి.

ఈ పనికి ధనము కూర్చుటకే డయా మెట్ కంపెనీ ఏర్పడినది. దాని వాటా చాలకాలము ఒక డాలరుకు దిగువనే పలికినది. కెనడాలో అప్పటికి వజ్రపు గని ఒక్కటియు లేదు గనుక బజారు నమ్మకపోవుటలో వింత లేదు. కాని గార్నెట్ల విశ్లేషణను చదువగలవారికి ఆ వెల వేరుగా కనబడెను. అప్పటికి బి.హెచ్.పి. అను ఆస్ట్రేలియా కంపెనీలో చేరియున్న డమ్మెట్ అట్టివాడు. 1990లో ఒప్పందము కుదిరినది. అన్వేషణ ఖర్చులు బి.హెచ్.పి. భరించుట, ప్రతిగా నూటికి 51 పాళ్లు పొందుట. డయా మెట్‌కు 29, ఫిప్కీకి, బ్లుసన్‌కు చెరి 10.

1991 నవంబరులో ఫలితము వెలువడెను. పాయింట్ లేక్ అనుచోట త్రవ్వి తీసిన 59 కిలోల రాతిలో 81 చిన్న వజ్రములు! వాటా వెల అనేక రెట్లు పెరిగినది. వందలాది కంపెనీలు ఉత్తరమునకు పరుగెత్తి చుట్టునున్న నేలకు హద్దులు నాటినవి.

కారెట్ల లెక్క

ఆ పరుగులో పాల్గొన్నవారిలో పెక్కుమందికి ఏమియు దొరకలేదు. ట్లీ క్వీ చో అను పైపునందు మొదటి మచ్చులు గొప్ప ఆశ కొలిపినవి. 1994లో పెద్దయెత్తున రాతిని తీసి పరీక్షింపగా ఫలితము నిరాశ కలిగించినది. వెంటనే చిన్న వజ్రపు కంపెనీల వాటాలన్నియు కుప్పకూలినవి.

దీనికి కారణము గ్రహింపదగినది. గని విలువ వజ్రముల సంఖ్యనుబట్టి ఉండదు. టన్ను రాతిలో ఎన్ని కారెట్లున్నవి, ఒక్కొక్క కారెట్టు ఏ వెల పలుకును అను రెండు సంఖ్యలను గుణింపగా టన్ను రాతి విలువ వచ్చును. కారెట్టు అనగా 0.2 గ్రాము. ఆస్ట్రేలియాలోని ఆర్గైల్ గనిలో టన్నుకు కొన్ని కారెట్లు దొరకెడివి, కాని వానిలో అధికభాగము చౌకరకము. ఆ గని 2020లో మూతపడినది. లెసోతో దేశపు లెట్‌సెంగ్ గనిలో 100 టన్నులకు 2 కారెట్లయినను దొరకవు, కాని అవి కారెట్టుకు వేయి డాలర్లకు మించి పలికిన సంవత్సరములు కలవు. ఈ రెండవ సంఖ్య తెలియుటకు చిటికెడు మచ్చు చాలదు. వేల కారెట్లు తీసి వెల కట్టించవలెను. అందుకు ఏండ్లును, కోట్ల ధనమును కావలెను. ఆ ధనమునకై చిన్న కంపెనీ కొత్త వాటాలు అమ్మినచో, పాతవారి పాలు ఆ మేరకు తగ్గును.

డయా మెట్ అదృష్టమేమనగా ఆ ఖర్చు బి.హెచ్.పి. భరించినది. అయినను మొదట దొరకిన పాయింట్ లేక్ పైపుతో గని మొదలు కాలేదు. 1998 అక్టోబరులో ఎకాటి గని ప్రారంభమైనపుడు త్రవ్వినది పాండా అను వేరొక పైపు. 2001లో బి.హెచ్.పి. డయా మెట్‌ను సుమారు 68 కోట్ల 70 లక్షల కెనడా డాలర్లకు కొనివేసెను.

కథ అంతటితో ఆగలేదు. 2013లో బి.హెచ్.పి. తన భాగమును అమ్మివేసెను. 2020లో, కోవిడ్ వ్యాధి వలన వజ్రముల వ్యాపారము స్తంభించినపుడు, గనిని నడుపుచుండిన డొమినియన్ కంపెనీ అప్పులవారినుండి రక్షణ కోరి న్యాయస్థానమును ఆశ్రయించెను. ఇటీవలి సంవత్సరములలో ప్రయోగశాలలలో చేయు వజ్రములుకూడ ధరలను క్రిందికి లాగినవి. రాతిలోని కారెట్లు మారకున్నను వాని వెల మారును.

కావున ఒక చిన్న వజ్రపు కంపెనీ వాటా చౌకగా దొరకుచున్నదని వినినపుడు విద్యార్థి అడుగవలసిన ప్రశ్నలు కొన్ని కలవు. దొరకినది రేణువులా, చిన్న వజ్రములా, వేల కారెట్ల మచ్చా? టన్ను విలువ ఎంత, ఖర్చు ఎంత? రాబోవు ఖర్చును ఎవరు భరింతురు? వజ్రముల ధర సగమునకు తగ్గినచో ఏమగును? 1990లో డయా మెట్ వాటా చౌక అని చెప్పగలిగినవారు మొదటి ప్రశ్నకు సమాధానమును గార్నెట్లలో చదివిరి. మిగిలిన ప్రశ్నలు తేలుటకు మరి ఎనిమిదేండ్లు పట్టినది.