మన తూర్పుపేటల పాఠశాలలు – వాని పోషకులు

ఒక ప్రాంతమున పాఠశాల లెన్ని కలవని లెక్కించుట సులభము. అవి యెవరి ధనముతో బుట్టినవి, ఎవరి బిడ్డలకు విద్య నొసగినవి, నేడెవరి యాదరణమున నున్నవి యని విచారించుట మాత్రము అంత సులభము గాదు. అయినను ఈ మూడింటిని దెలిసికొనకయే ఒక పాఠశాల యుత్తమమనియు, వేఱొకటి యధమమనియు దీర్పు చెప్పుట న్యాయము గాదని మా యభిప్రాయము. మన వార్షిక మహాసభ ఈ పర్యాయము దిల్‌సుఖ్‌నగరున జరుగుచున్నందున, ఈ ప్రాంతముయొక్క విద్యాచరిత్రమును సంగ్రహముగ సభ్యుల ముందుంచుచున్నాము.

నూఱేండ్ల క్రిందట నిచ్చట నగరము లేదు. చాదర్‌ఘాటు దాటి మలకుపేట మీదుగ బోవు బాటకు ఇరుప్రక్కల పొలములును, తోటలును, సరూర్‌నగరు చెఱువును గలవు. ఆఱవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను కాలమున, 1901లో మరణించిన విక్టోరియా రాణి స్మారకముగ సరూర్‌నగరునందు అనాథశరణాలయ మొకటి వెలసెను. 2018 సెప్టెంబరు 24వ తేదీన ఎల్.బి.నగరు వఱకు మెట్రోరైలు నడచినప్పుడు సమీపమున నున్న స్టేషనునకు విక్టోరియా మెమోరియల్ అను పేరు నిలిచినది. ప్రతిదినము ఆ పేరు వినువారిలో నది దిక్కులేని పిల్లలకు అన్నమును, విద్యయు బెట్టిన స్థలమని యెఱిగినవా రెందఱు? రాజానుగ్రహము మన ప్రాంత విద్యకు మొదటి పోషకము.

రాజానుగ్రహము కొలదిమందికే యందును. తక్కినవారు స్వశక్తినే నమ్ముకొనవలసి వచ్చెను. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనాభాష ఉర్దూ. తెలుగు బిడ్డ తన యింటిభాషలో పైచదువు చదువుటకు దారి లేదు. అట్టి దినములలో భాగ్యరెడ్డివర్మగారు 1910లో ఇసామియాబజారునందు పంచములని దూరముంచబడిన బాలుర కొఱకు తెలుగు పాఠశాల స్థాపించిరి. 1918లో రాజబహదూర్ వెంకటరామారెడ్డిగారి పూనికతో రెడ్డి హాస్టలు వెలసెను. 1928లో మాడపాటి హనుమంతరావుగారు ప్రభృతులు నారాయణగూడలో బాలికలకు తెలుగు మాధ్యమమున ఉన్నత పాఠశాల నెలకొల్పి, ఇచ్చటి విశ్వవిద్యాలయపు గుర్తింపు లభింపకున్నను, పూనాలోని కార్వే పండితుని మహిళా విశ్వవిద్యాలయముతో సంబంధము గల్పించుకొని పరీక్షలకు బంపిరి.

కుల వసతిగృహముల నేడు పరిహసించువారు గలరు. అవి యేల పుట్టినవో వారు విచారింపరు. పల్లెలో ఉన్నత పాఠశాల లేదు. పట్టణమున బంధువులు లేరు. పూటకూళ్ల యింట దినుటకు డబ్బు లేదు. చదువునకు అడ్డముగ నిలిచినది బుద్ధి గాదు, రెండుపూటల భోజనము. ఆ కొఱత నెఱిగినవారే వసతిగృహములు గట్టిరి. ఇట్లెందఱు శ్రమించినను 1951 జనగణన నాటికి హైదరాబాదు రాష్ట్రమున నూటికి పదిమందికైనను అక్షరజ్ఞానము లేకుండెను. సంఘములు దీపములు వెలిగింపగలవు గాని, ఊరంతటికి వెలుగు నీయలేవు.

ఆ పని ప్రభుత్వము చేయవలసియుండెను. 1952లో హైదరాబాదు నిర్బంధ ప్రాథమిక విద్యా శాసనము వచ్చెను. 1959లో ఆంధ్రప్రదేశమున పంచాయతీసమితులును, జిల్లాపరిషత్తులును ఏర్పడి, పల్లెల పాఠశాలలు వాని యధీనమయ్యెను. అప్పటికి మన పేటలన్నియు పల్లెలే. 1978లో రంగారెడ్డి జిల్లా యేర్పడగా సరూర్‌నగరు, హయత్‌నగరు ప్రాంతము లందు జేరినవి. తరువాత నివి ఎంత శీఘ్రముగ బెరిగెనో సభ్యు లెఱుగుదురు. 2001లో ఎల్.బి.నగరు పురపాలక సంఘపు జనసంఖ్య రెండు లక్షల అఱువదివేలు దాటెను. 2007 ఏప్రిలులో అదియు, గడ్డిఅన్నారము మొదలగు తక్కిన పదునొకండు పురపాలక సంఘములును మహానగర సంస్థలో గలిసిపోయెను. 2011 నాటికి అప్పటి రంగారెడ్డి జిల్లా జనసంఖ్య 52 లక్షల 96 వేలై, హైదరాబాదు జిల్లాయొక్క 39 లక్షల 43 వేలను మించెను.

ఇచ్చట నొక వింత గమనింపదగియున్నది. పల్లె నగరమైనది, పాఠశాల మాత్రము జిల్లాపరిషత్తు పాఠశాలగనే నిలిచినది. ఆకాశమంటు భవనముల నడుమ నేటికిని ఆ పేరు గల ఫలకములు గన్పట్టును. ఉపాధ్యాయుల జీతములు రాష్ట్ర ధనాగారమునుండి వచ్చును. పౌరుడు చెల్లించు ఆస్తిపన్నుపై రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయపు సెస్సు గలదు. గ్రంథాలయము తన పన్నుతో నడచునని చెప్పుకొనుటకు ఆధారమున్నది. ప్రక్కవీథి పాఠశాల తనదని చెప్పుకొనుటకు పౌరునికి అట్టి యాధారమైనను లేదు.

అట్లని పాఠశాలలను స్థానికపు పన్నుపైననే నిలుపుడని మేము చెప్పము. అమెరికాలోని పద్ధతి యించుమించు అదియే. అచ్చట టెక్సాసు రాష్ట్రమున సాన్ ఆంటోనియో నగరపు పేదలుండు ఎడ్జ్‌వుడ్ విభాగమువారు 1967–68లో నూఱు డాలర్ల ఆస్తికి 1.05 డాలర్ల చొప్పున బన్ను విధించుకొనియు విద్యార్థి కొక్కింటికి 26 డాలర్లే కూర్పగలిగిరి. ధనికులుండు ఆలమో హైట్సువారు 0.85 చొప్పున విధించి 333 డాలర్లు కూర్చిరి. ఎక్కువ భారము మోసినవారికి తక్కువ ఫలము! ఈ యన్యాయముపై రోడ్రిగెజ్ అను తండ్రి ప్రభృతులు వ్యాజ్యెము వేయగా, 1973లో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానము ఐదుగురు నలుగురుగ జీలి, ఆ పద్ధతి రాజ్యాంగ విరుద్ధము గాదని తీర్పు చెప్పెను. మన పద్ధతిలో పేదపేటకు పేదబడి యను నియమము లేదు. ఇది గొప్ప మేలు. కాని ధనమిచ్చు చేయి దూరమైనకొలది, కనిపెట్టు కన్నును దూరమైనది. ఇది మన లోపము.

ఈ లోపముచే నేమగుచున్నదో చూతము. స్థితిగలవారి పిల్లలు ప్రైవేటు పాఠశాలలకు దరలిరి. దిల్‌సుఖ్‌నగరు కోచింగు సెంటర్లకు బేరుగాంచెను. సర్కారు బడులలో మిగిలినవారు పెక్కుమంది కట్టడపు కూలీల, కావలివారల, ఇండ్లలో బనిచేయు స్త్రీల బిడ్డలు. తండ్రికి పని యున్నంతకాలమే బిడ్డకు బడి. విద్యాహక్కు శాసనము ప్రకారము ప్రాథమిక తరగతులలో ముప్పదిమందికి ఒక ఉపాధ్యాయుడు. ఆఱు మొదలు ఎనిమిది తరగతులలో ముప్పదియైదుగురికి ఒకడు. పిల్లలు తగ్గిన ఉపాధ్యాయులు తగ్గుదురు. ఉపాధ్యాయులు తగ్గిన తల్లిదండ్రుల నమ్మకము తగ్గును. నమ్మకము తగ్గిన పిల్లలు మఱల తగ్గుదురు. ఈ చక్రమును ఆపక, పదవ తరగతి ఉత్తీర్ణుల శాతమును మాత్రము చూచి బడిని దూషించుట, ఎండిన చెఱువును జూచి చేపలను దూషించుట వంటిది. 2020, 2021 సంవత్సరములలో మహమ్మారి కారణముగ పరీక్షలు పూర్తిగ జరుగకయే అందఱును ఉత్తీర్ణులైరి. నాటి శాతము నూఱు. శాతము విద్యకు కొలత గాదనుటకు ఇంతకన్న నిదర్శన మేల?

2022 మార్చిలో రాష్ట్ర ప్రభుత్వము 26,065 పాఠశాలలను బాగుచేయ సంకల్పించి ‘మన ఊరు – మన బడి’ యను కార్యక్రమమును బ్రారంభించెను. ఆ పేరులోని ‘మన’ యను మాట ప్రభుత్వ ధనముతో వచ్చునది గాదు. అది మనమే యీయవలసినది.

మన సంఘము ఏటేట ఉత్తమాంకములు పొందినవారికి బహుమతు లిచ్చుచున్నది. మంచిదే. కాని ఆ జాబితాలో సర్కారు బడి పిల్లల పేరు లరుదు. ‘మనవా రా బడులలో లేరు గదా’ యని కొందఱందురు. ఉన్నారు. మన సభ్యుల పట్టికలో వైద్యుల, ఇంజనీర్ల పేళ్లు గలవు. మన కులమువాడే యయ్యును అదే వీథిలో కావలి గాయువాని పేరు లేదు. వాని కూతు రా బడిలో నున్నది. ఆమె ప్రక్కన గూర్చున్న బాలిక మన కులముది గాకపోవచ్చును. ఆమెకు నిచ్చిన పుస్తకమును మనదే యని యెంచుట పెద్దల మార్గమునకు విరుద్ధము గాదు.

కావున బహుమతి నిధిలో సగము ఈ ప్రాంతపు జిల్లాపరిషత్తు, ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు, అంకములను బట్టిగాక హాజరును బట్టియు, అభివృద్ధిని బట్టియు నిచ్చుటకు ఈ మహాసభ తీర్మానింపవలెను. శాసనము ప్రకారము పాఠశాల యాజమాన్య సంఘమున నాలుగింట మూడువంతులు తల్లిదండ్రులే యుండవలెను. ఒక దినపు కూలి పోవునని వారు సమావేశమునకు రారు. సాయంకాలమున సమావేశము జరుగునట్లు ప్రధానోపాధ్యాయులతో మాటలాడుట మన యువకులకు కష్టము గాదు. వెనుకటి తరమువారు అన్నము పెట్టి చదివించిరి. నేటి తరమువారు ఆ బడి గుమ్మము దాటి లోనికి బోయి, బిడ్డల పేళ్లు తెలిసికొనిన జాలును. తక్కినది తనంత నడచును.

స్వస్తి.