దస్తావేజు ఒకటి, పరీక్షలు పెక్కు

మీలో దస్తావేజులు వ్రాయించినవారును, సాక్షిసంతకములు చేసినవారును పెక్కుమంది యుందురు. కావున కంప్యూటరు చరిత్రలోని యొక ఘట్టమును ఆ దృష్టాంతముతోనే మనవి చేసెదను.

వ్రాసియిచ్చినవాని పేరు, తేదీ, సంతకము అన్ని దస్తావేజులకును సమానమే. పరీక్షలో మాత్రము భేదము కలదు. 1908వ సంవత్సరపు రిజిస్ట్రేషను చట్టము ప్రకారము విక్రయ దస్తావేజును సామాన్యముగా నాలుగు మాసములలోగా దాఖలు చేయవలెను. వీలునామాకు ఆ గడువు లేదు. ఈ భేదములను యంత్రమునకు తెలుపుట యెట్లు? ఒక్కొక్క రకమునకు సమస్తమును వేరువేరుగా వ్రాసినచో, ఒకచోట దిద్దిన తప్పు మరియొకచోట నిలిచిపోవును.

నార్వే దేశమున ఓస్లో నగరములో ఓలె యోహాన్ డాల్, క్రిస్టెన్ నైగార్డ్ అను పండితులకు ఇట్టి చిక్కే యెదురయ్యెను. వంతెన సుంకపు గేటువద్ద నిలిచిన లారీలను, బస్సులను వారు ఉదాహరణముగా గైకొనిరి. వరుసలో నిలుచుట రెండింటికిని సమానము. తక్కిన నడవడి వేరు. సమానమైనదానిని మూలవర్గమున నొక్కమారే వ్రాసి, ఉపవర్గములు దానిని వారసత్వముగా పొంది తమ విశేషములను మాత్రము చేర్చుకొనునట్లు, 1967లో సిములా 67 అను కంప్యూటరు భాషను వారు రూపొందించిరి. ఒకే పేరుగల పనిని ఒక్కొక్క వర్గము తన రీతిని నెరవేర్చు వీలును అందు కల్పించిరి. 2001వ సంవత్సరపు ట్యూరింగ్ బహుమానము వారికి లభించెను.

అయితే వారసత్వమున ప్రమాదమును కలదు. నాలుగు మాసముల గడువును మూలవర్గమున వ్రాసితిమా, తండ్రి గతించిన పిదప కుమార్తె తెచ్చిన పాత వీలునామాను యంత్రము త్రోసివేయును. చట్టమిచ్చిన హక్కును వ్రాతలోని పొరపాటు హరించును.

1987లో అమెరికా విదుషి బార్బరా లిస్కోవ్ తన యుపన్యాసమున దీనికొక సూత్రము చూపెను. మూలవర్గమును నమ్మి నడచువానికి, దానిస్థానమున ఉపవర్గము నిలిచినను మోసము కలుగరాదు. కావున మూలవర్గము “అన్నియు అంగీకరింపబడును” అని మాట యీయరాదు. “ఏ పత్రమునకు తగిన పరీక్ష దానికి జరుగును, ఫలితము తెలుపబడును” అని మాత్రమే పలుకవలెను. నాలుగు మాసముల గడువు విక్రయమునకును, ఇద్దరు సాక్షుల నియమము వీలునామాకును ఆయా వర్గములలోనే యుండవలెను.

ఉమ్మడిది ఉమ్మడిగాను, ఎవరిది వారిదిగాను ఉంచుటయే ఈ విద్య సారమని నా తలంపు. ఆంధ్రప్రదేశపు రిజిస్ట్రేషను కచేరీలలో 1998 నుండి కంప్యూటర్లు పనిచేయుచున్నవి. మీ పత్రమును యంత్రము నిరాకరించినచో, ఏ నిబంధనచే నిరాకరించెనో, అది మీ పత్రమునకు చెందునో కాదో తప్పక అడుగుడు.