పదిహేడు పోటీలు, పన్నెండు పతకాలు

1980 మాస్కో ఒలింపిక్స్‌లో మహిళల 500 మీటర్ల సింగిల్ కయాక్ స్వర్ణం తూర్పు జర్మనీకి చెందిన బిర్గిట్ ఫిషర్‌కు దక్కింది. హావెల్ నది ఒడ్డునున్న బ్రాండెన్‌బర్గ్ ఆమె సొంతూరు. అప్పటికి వయసు పద్దెనిమిదే. ఏథెన్స్‌లో చివరి స్వర్ణం గెలిచేనాటికి నలభై రెండు. ఈలోగా ఆమె పుట్టిన దేశమే పటంలోంచి మాయమైంది.

ఆరు ఒలింపిక్స్‌లో 8 స్వర్ణాలు, 4 రజతాలు, వాటితోపాటు 27 ప్రపంచ టైటిళ్లు. ఇంత గొప్ప లెక్క కూడా ఆమె సత్తాను తక్కువ చేసే చూపిస్తుంది. మాస్కోలో మగవాళ్లకు 9 స్ప్రింట్ పోటీలుంటే ఆడవాళ్లకు రెండే: సింగిల్, డబుల్. నలుగురు కలిసి తెడ్డు వేసే పడవ 1984లో చేరింది. ఆ తర్వాత 2008 దాకా ఆ మూడే, అన్నీ 500 మీటర్లే. ఆమె దిగిన ఆరు ఒలింపిక్స్‌లోనూ కలిపి మహిళల స్ప్రింట్ పోటీలు 17 జరిగాయి. అందులో పన్నెండింట ఆమెకు పతకం వచ్చింది!

అసలు నష్టం 1984లో జరిగింది. అంతకు ముందు ఏడాది ప్రపంచ పోటీల్లో మహిళల మూడు స్వర్ణాలూ ఆమెవే. కానీ సోవియట్ యూనియన్ లాస్ ఏంజెలెస్‌ను బహిష్కరించింది, తూర్పు జర్మనీ వెంట నడిచింది. మంచి ఫామ్‌లో ఉన్న క్రీడాకారిణికి ఒక ఒలింపిక్స్ పోవడమంటే నాలుగేళ్లు పోవడం. ఆ కోత పెట్టింది నీళ్లమీద ప్రత్యర్థి కాదు, రాజకీయం.

నాలుగేళ్ల తర్వాత సియోల్‌లో రెండు స్వర్ణాలు, ఒక రజతం గెలిచి ఆట మానేసింది. ఏకమైన జర్మనీ తరఫున తిరిగొచ్చి 1992లో బార్సిలోనాలో మళ్లీ సింగిల్ స్వర్ణం పట్టింది. సిడ్నీ తర్వాత ఇంకోసారి మానేసి, ఇద్దరు పిల్లల తల్లిగా ఏథెన్స్‌కు వచ్చింది. అక్కడ నలుగురి పడవలో ఆమెతో కూర్చున్న కరోలిన్ లియోన్‌హార్ట్ పుట్టింది 1984లోనే. అక్కా చెల్లెళ్ల వయసు తేడా కాదది, తల్లీ కూతుళ్లది. అక్కా చెల్లెళ్ల వయసు తేడా కాదది, తల్లీ కూతుళ్లది. అయినా నాలుగు తెడ్లూ ఒకేసారి నీటిలో పడ్డాయి, హంగరీ రెండో స్థానంలో మిగిలింది.

మహిళలకు 200 మీటర్ల పోటీ 2012లో గానీ రాలేదు. మోకాలిమీద కూర్చుని ఒకవైపే తెడ్డు వేసే కనూ పోటీల్లో స్త్రీలకు చోటు దొరికింది టోక్యోలో. స్ప్రింట్‌లో మగవాళ్లకు ఆరు, ఆడవాళ్లకు ఆరు అని లెక్క సమానమైందీ అక్కడే, ఫిషర్ తొలి స్వర్ణం గెలిచిన 41 ఏళ్లకు.