ఫాదరు మాక్సిమిలియన్ కోల్బే

అమీరుపేట, పంజాగుట్ట పాఠకులమగు మనకు అక్షరము విలువ తెలియును. ఆ అక్షరమునే సేవాసాధనముగ గైకొన్నవాడు పోలండు దేశీయుడగు కథోలిక గురువు మాక్సిమిలియన్ కోల్బే (1894–1941). ఆయన 1930లో జపానునందలి నాగసాకి చేరి, నెల దినములలోనే ఆ దేశభాషలో పత్రిక వెలువరించెను. 1932లో ఎర్నాకుళమునకు వచ్చి, మన దేశమునను ఆశ్రమము స్థాపింప యత్నించెను గాని, అది నెరవేరలేదు. 1936లో స్వదేశమునకు మరలెను.

రెండవ ప్రపంచయుద్ధకాలమున, 1941లో, నాజీలు ఆయనను ఆష్‌విట్జు నిర్బంధ శిబిరమున బంధించిరి. ఖైదీ యొకడు తప్పించుకొనెనని పదుగురికి ఆకలిచావు విధింపబడెను. వారిలో గయోవ్నిచెక్ అను సైనికుడు ఆలుబిడ్డలను తలచి విలపింపగా, వాని స్థానమున తాను పోయెదనని కోల్బే ముందునకు వచ్చెను. రెండు వారముల ఆకలికిని ప్రాణము పోనందున, ఆగస్టు 14న ఆయనను విషపు సూదితో చంపిరి. ఆ సైనికుడు 1995 వరకు జీవించెను. పత్రికలలో బోధించిన ప్రేమధర్మమును కోల్బే తన ప్రాణముతో నిరూపించెను.