పెనాల్టీ బాక్స్‌కు యజమాని

1975 డిసెంబరు 14. బ్రెజిల్ దక్షిణాన పోర్టో అలెగ్రే నగరంలోని బెయిరా రియో స్టేడియం. జాతీయ చాంపియన్‌షిప్ ఫైనల్లో ఇంటర్నసియోనల్, క్రుజెయిరో తలపడుతున్నాయి. రెండో సగంలో ఇంటర్నసియోనల్ ఆటగాడు వాల్డోమిరో కుడివైపు నుంచి ఫ్రీకిక్‌ను గాల్లోకి లేపాడు. అప్పటికే గోల్ ముందంతా స్టాండ్ల నీడ కమ్ముకుంది. ఒక్కచోట మాత్రం సన్నటి ఎండ పొడ. సరిగ్గా అక్కడే ఎగిరి తలతో కొట్టాడు ఎలియాస్ ఫిగెరోవా. బంతి నెట్‌లో పడింది. స్కోరు 1-0. ఇంటర్నసియోనల్ తొలిసారి దేశ విజేత అయింది. దాన్ని ‘వెలుగు గోల్’ అని అభిమానులు ఇప్పటికీ తలచుకుంటారు.

కొట్టింది ఫార్వర్డ్ కాదు, బ్రెజిల్ వాడూ కాదు. చిలీ నుంచి వచ్చిన డిఫెండర్!

1946లో వాల్పరైసో రేవు పట్టణంలో పుట్టిన ఫిగెరోవాను చిన్నతనమంతా జబ్బులు వదల్లేదు. పోలియో సోకి మంచానపడ్డాడు. లేచాక నడక మళ్లీ మొదటినుంచి నేర్చుకోవాల్సి వచ్చింది. అలాంటి కుర్రాడు పంతొమ్మిదేళ్లకే 1966 ప్రపంచకప్‌లో చిలీకి ఆడాడు. మరుసటి ఏడాది ఉరుగ్వే క్లబ్ పెన్యారోల్‌లో చేరి, 1967, 68లలో వరసగా లీగ్ టైటిళ్లు అందుకున్నాడు.

పెనాల్టీ బాక్స్ తన ఇల్లని, అందులోకి ఎవరిని రానివ్వాలో తానే తేలుస్తానని అనేవాడు. అది ఉత్త మాట కాదని 1973 సెప్టెంబరులో మాస్కోలో తేలింది. ప్రపంచకప్ అర్హత కోసం సోవియట్ యూనియన్‌తో తొలి మ్యాచ్. అంతకు పదిహేను రోజుల ముందే చిలీలో సైనిక కుట్ర జరిగింది. సొంతవాళ్లు ఎలా ఉన్నారోనన్న బెంగతోనే ఆటగాళ్లు మైదానంలోకి దిగారు. ఫిగెరోవా, తోటి డిఫెండర్ కింటానో కాపలా కాసిన గోల్‌లోకి ఒక్క బంతీ వెళ్లలేదు. మ్యాచ్ 0-0. సైన్యం ఖైదీలను నిర్బంధించిన శాంటియాగో జాతీయ స్టేడియంలో రెండో మ్యాచ్ ఆడబోమని సోవియట్లు మొండికేయడంతో చిలీకి 1974 ప్రపంచకప్ బెర్తు దక్కింది. అక్కడ ఆ జట్టు ఒక్క మ్యాచ్ గెలవలేదు గానీ, మూడింట్లో ఇచ్చింది రెండే గోల్స్.

వెనెజులా పత్రిక ‘ఎల్ ముండో’ అప్పట్లో ఏటా ఎంపికచేసిన దక్షిణ అమెరికా ఉత్తమ ఆటగాడు 1973లో పెలే, 1977లో జికో. ఆ ఇద్దరి మధ్య మూడేళ్లూ ఫిగెరోవాయే!

1976లోనూ ఇంటర్నసియోనల్‌ను విజేతగా నిలిపి స్వదేశం చేరాడు. 1978లో పాలెస్టినోకు చిలీ లీగ్ టైటిల్ అందించాడు. ముప్పై అయిదేళ్ల వయసులో 1982 ప్రపంచకప్ ఆడి, ఆ ఏడాదే కోలో కోలో క్లబ్ జెర్సీతో ఆట ముగించాడు.

యూరప్ క్లబ్బులకు ఏనాడూ ఆడలేదు కాబట్టే అతడి పేరు మనదాకా పెద్దగా రాలేదు. మేటి డిఫెండర్లు బెకెన్‌బాయర్, బాబీ మూర్‌ల సరసన అతడికీ కుర్చీ వేయాల్సిందే.